గడిలో పదమూడో ఎక్కం

ఒక గడి పరువును, ఒక పంతులు కొలువును, నన్ను కన్న మా అవ్వ ఊరంతా తిరిగి చెప్పుకున్న గొప్పలను ఒక్క పూటలో మట్టిలో కలిపిన ఘనుణ్ణి నేను. అదీ ఏ కత్తితోనో తుపాకితోనో కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో నాకంటే కాస్త పెద్ద పిల్లలే వడిసెలలు పట్టుకుని దొరల మీదికి పోతున్న ఆ రోజుల్లో, నేను బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడి పదమూడో ఎక్కం చెప్పబోయాను. అంతే, కొంప మునిగింది. ఎవరి కొంప అన్నది కాస్త ఓపిక పట్టి వినండి. సిగ్గుపడుతూ చెప్తున్నాననుకునేరు, ఆ ఆశ మాత్రం పెట్టుకోకండి.

మాది తొర్రూరుకు ఎడ్లబండి మీద పోతే సగం పూట పట్టే ఊరు. ఊరి నడుమ గడి, అంటే కోటంత గోడల మధ్య దొర ఉండే ఇల్లు. గడి నుంచి కబురు వస్తే ఎవరి పని వాళ్ళు వదిలిపెట్టి, కూలి అడక్కుండా చాకిరి చేసి రావాలి. దాని పేరు వెట్టి. అయితే అప్పటికే జనగామ దిక్కు నుంచి దొరలను ఎదిరించే సంఘం గాలి వీస్తోంది. వెట్టి చెయ్యం పొమ్మని అక్కడి ఊళ్ళు ఎదురు తిరిగాయి. మా ఊళ్ళో ఇంకా అంత ధైర్యం రాలేదు గానీ, మావాళ్ళు ఒక పని మాత్రం చేశారు. దొర పాడుపెట్టిన ఎడ్ల కొట్టాన్ని ఊడ్చి, పేడతో అలికి, అందులో బడి పెట్టారు. దొర పళ్ళు నూరాడు. కానీ రోజులు బాగాలేవని ఊరుకున్నాడు.

ఆ బడికి సత్తెయ్య పంతులు. మగ్గం నేసే ఇంటివాడు. పొద్దున పోగులు, ఎండెక్కాక పిల్లలు. మేం ఓ నలభై మందిమి ఉండేవాళ్ళం. మొదటి తరగతి, రెండో తరగతి అని గీతలేమీ లేవు. ముందుగా నేర్చుకున్నవాడు వెనక వచ్చినవాడికి చెప్పాలి. బర్లను తోలి ఆలస్యంగా వచ్చినవాడికి అప్పటిదాకా జరిగిందంతా పక్కవాడు అప్పజెప్పాలి. అది ఆ బడి చట్టం. ఎక్కాలకు ఇంకో చట్టం. ఒకడు నిలబడి అడగాలి, మిగతా అందరూ ఒక్క గొంతుతో జవాబు చెప్పాలి. నడుమ ఎవరైనా ఆపితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వానొచ్చినా సరే, మేక లోపలికొచ్చినా సరే.

“ఏడు ఒకట్ల?”

“ఏడూ!”

“ఏడు రెళ్ళ?”

“పద్నాలుగూ!”

ఆ అడిగేవాణ్ణి నేను. నన్నెందుకు నిలబెట్టారంటే మాది గొర్లకాపరుల ఇల్లు. వాగు అవతల మేసే మందను ఇవతలి నుంచి కేకేసి పిలిచిన గొంతు నాది. ఇక్కడ మీకు ఒక చిక్కు కనిపించే ఉంటుంది. అడిగేవాడు జవాబు చెప్పడు కదా! వాళ్ళు జవాబు అరిచేటప్పుడు నేను తర్వాతి ప్రశ్నకు ఊపిరి పీల్చుకుంటూ ఉండేవాణ్ణి. ఇరవయ్యో ఎక్కం దాకా ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. జవాబుల సంగతి నేనెన్నడూ పట్టించుకోలేదు. అవి వాళ్ళ పని.

ఒకనాడు గడి గుమాస్తా గుర్రం మీద కొట్టం ముందు నుంచి పోతూ నా కేకలు విన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లగాడు అడుగుతుంటే నలభై మంది వణికిపోతూ జవాబు చెప్తున్నారనుకున్నాడు పాపం. తెల్లవారి మా గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఏమే ఎల్లమ్మా, నీ కొడుకు ఎల్లిగాడు మస్తు హుషారటగదనే! దొర చిన్నదొర కోసం ఓరుగల్లు నుంచి పంతులును తెప్పిచ్చిండు. ఊళ్ళె తెలివిగల్ల పోరగాండ్లను నలుగురైదుగురిని ఏరి పక్కన కూసోబెడ్తడట. నీ కొడుకును గూడ రమ్మన్నడు.”

మా అవ్వ చేతిలో చీపురు జారిపోయింది. “గడిలకా? మా ఎల్లిగాడా? బాంచెన్ అయ్యా, నిజమేనా?”

మా నాయిన మాత్రం గొంగడి సర్దుకుంటూ అడిగాడు. “ఊరికెనే చదువు చెప్తరా అయ్యా? గడిల ఏదన్న ఊరికె ఇచ్చుడు నేను జూడలే.”

“నీకెందుకయ్యా అవన్ని?” అని నాయిన మీద విరుచుకుపడింది అవ్వ. “నీ మందల గొర్రెకున్న తెలివి నీకుంటె మనం ఎప్పుడో బాగుపడుదుం.”

ఆ సాయంత్రానికల్లా ఊళ్ళో అవ్వ చెప్పని ఇల్లు లేదు. మర్నాడు నేను కొట్టం బడి ముందు నుంచే, తల తిప్పకుండా, గడికి నడిచాను. లోపలి నుంచి లచ్చవ్వ పిలిచింది. మా వాడకట్టు పిల్లే, నా ఈడుదే, నోరు మాత్రం నాకంటే పెద్దది.

“ఏందిరా ఎల్లిగా, గిటు జూడవేంది? మెడ పట్టిందా?”

“నేను తెలివిగల్లోన్ని. మీతోని మాట్లాడొద్దని చెప్పిండ్రు,” అన్నాను. ఎవరూ చెప్పలేదు. నేనే కల్పించాను.

ఇక గడి చదువు సంగతి. చిన్నదొరకు కుర్చీ. పట్వారి కొడుక్కీ పటేలు కొడుక్కీ చాప. నాకు చాప అంచు. చిన్నదొర చెడ్డవాడు కాదు, నిద్రమొహంవాడు, అంతే. అక్కడ ఒకటే నియమం. ఏది అడిగినా ముందు చిన్నదొర చెప్పాలి. ఆయన చెప్పేదాకా మేం నోరు తెరవకూడదు. ఆయన చెప్పాక, అదే మేమూ చెప్పాలి. ఒకనాడు పంతులు “సూర్యుడు ఏ దిక్కున పొడుస్తడు?” అని అడిగాడు. చిన్నదొర ఆవలించి, “పడమట” అన్నాడు. పంతులు మా వంక చూశాడు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకుని, “పడమట!” అన్నాం. మర్నాడు సూర్యుడు యథాప్రకారం తూర్పునే పొడిచాడు. ఆయనకు గడి నియమం తెలియదు కాబోలు.

అట్లా ఒక వానకాలమంతా ఏరిన తెలివిగలవాళ్ళం చేతులు కట్టుకుని కూర్చున్నాం. నేర్చుకున్నదేమిటంటే కూర్చోవడమే. ఇప్పటి బడుల్లోనూ చూస్తున్నాను. చురుకైన పిల్లలని కొందరిని ఏరి వేరే గదిలో కూర్చోబెట్టి, పంకాలు పెట్టి, మంచి సార్లను వాళ్ళకిచ్చి, మిగతావాళ్ళను వరండాలోకి తోస్తారు. పైగా చూశారా మావాళ్ళెంత ముందున్నారో అని మురిసిపోతారు. ముందుంటారు మరి, వెనకవాళ్ళ కాళ్ళకు అడ్డం పెట్టాక! ఈ మాట అంటే, నీకేం తెలుసు తాతా అంటారు. నాకా తెలియదు? ఈ తాలూకాలో మొట్టమొదట ఏరిన గింజను నేను. పుచ్చు గింజను!

సరే, కథలోకి వస్తాను. దొర ఊరుకున్నాడని చెప్పానే, ఊరుకోలేదు. లోపల లోపల ఉపాయం పన్నాడు. వరంగల్లుకు అర్జీ పెట్టుకున్నాడట: ఊళ్ళో చదువొచ్చే మొహాలు నాలుగే, వాటికి నేను గడిలో చదువు చెప్పిస్తున్నాను, మిగతా పిల్లలు పశువుల కాడికి తప్ప దేనికీ పనికిరారు, ఆ కొట్టంలో జరిగేది బడి కాదు, సంఘం వాళ్ళ అడ్డా, కాబట్టి కొట్టం ఖాళీ చేయించండి, అని. చూసి తేల్చడానికి బడుల తనిఖీ చేసే సాబ్ వస్తున్నాడు.

ఈ సంగతి ఊరంతటికీ తెలిసింది. లచ్చవ్వ నన్ను బావి దగ్గర ఆపింది.

“ఎల్లిగా, సాబ్ ముంగట నిన్ను నిలబెడ్తరట గద?”

“నన్నుగాక ఇంకెవర్ని నిలబెడ్తరు?”

“నువ్వు మంచిగ చెప్తె మా బడి పోతది. తెలుసా?”

“చెప్పకుంటె?”

“చెప్పకుంటె నీ ఈపు పోతది. సూస్కో మరి, బడి ఎక్కువనా, ఈపు ఎక్కువనా.”

నేనప్పుడు ఏమనుకున్నానో దాచకుండా చెప్తాను. ఏ కథలో వీరుడైనా వీపు పోతే పోనీ అనుకుంటాడు. నేను అట్లా అనుకోలేదు. సాబ్ ముందు బ్రహ్మాండంగా చెప్పి, శభాష్ అనిపించుకుని, కోటు వేసుకుని ఊరంతా తిరగాలనుకున్నాను. అవును, చిన్నదొర పాత కోటు నాకు ఇస్తామన్నారు. ఆ కోటుకు ఇత్తడి గుండీలున్నాయి. బడి పోతే లచ్చవ్వ వాళ్ళు ఎటు పోతారో నా బుర్రకు తట్టలేదు. బుర్ర నిండా గుండీలే.

ముందురోజు గడి పంతులు నన్ను పరీక్షించాడు.

“ఎల్లయ్యా, నీకు గొంతున్నది. నువ్వు పదమూడో ఎక్కం చెప్పాలె. వస్తదా?”

“నలభై మందితోని నేనే చెప్పించిన పంతులూ,” అన్నాను. అబద్ధమా? కాదు.

“ఏదీ, కానియ్యి.”

“పదమూడు ఒకట్ల?” అని ఆగాను.

“పదమూడు, సరే, నడువు,” అన్నాడు పంతులు, ఆకుకు సున్నం రాసుకుంటూ.

“పదమూడు రెళ్ళ?”

“ఇరవై ఆరు, ఆఁ, నడువు నడువు.”

అట్లా పదింటి దాకా నడిచాం. నేను అడుగుతూ పోయాను, ఆయన వక్క నములుతూ చెప్తూ పోయాడు. చివరికి నా భుజం తట్టి, “శభాష్, ఒక్క తప్పు పోలే!” అన్నాడు. తప్పెట్లా పోతుంది, చెప్పింది ఆయనైతే?

సాబ్ వచ్చాడు. నెరిసిన గడ్డం, ఎర్ర టోపీ, మెత్తటి మాట. గడి వాకిట్లో కుర్చీలు వేశారు. కొట్టం బడి పిల్లలందరినీ దొర కావాలనే పిలిపించి, పొద్దటి నుంచి వాకిలి ఊడ్పించి, నీళ్ళు చల్లించి, దుమ్ము మొహాలతో దర్వాజా దగ్గర నిలబెట్టాడు. సత్తెయ్య పంతులును కూడా వాళ్ళ పక్కనే నిలబెట్టారు. సాబ్‌కు అటు చూపించి, “గివే సాబ్, కొట్టంల చదివే మొహాలు,” అని నవ్వాడు దొర. తర్వాత ఇటు తిప్పి నన్ను చూపించాడు. మోకాళ్ళ దాకా వేలాడే కోటులో నేను వెలిగిపోతున్నాను.

“గొల్లోళ్ళ పిల్లగాడు సాబ్. తెలివి చూసి నేనే ఏరుకొచ్చిన. చెప్పురా ఎల్లిగా.”

నేను గొంతు సవరించుకుని, ఆకాశం వైపు చూసి, ప్రాణమంతా పెట్టి అరిచాను.

“పదమూడు ఒకట్ల?”

గడి మీది పావురాలన్నీ లేచిపోయాయి. సాబ్ నా వంక చూశాడు. నేను సాబ్ వంక చూశాను. వీడు చెప్పాలి కదా అని ఆయన, ఎవరో ఒకరు చెప్పాలి కదా అని నేను.

“బోలో బేటా,” అన్నాడు సాబ్.

“పదమూడు ఒకట్ల?” అన్నాను మళ్ళీ, ఇంకాస్త గట్టిగా.

“నన్నడుగుతున్నవా?”

నాకు అప్పుడు తెలిసింది. నా కడుపులో ప్రశ్నలు తప్ప ఇంకేమీ లేవు. పంతులు వంక చూస్తే ఆయన ఆకు నమలడం ఆపేసి తెల్లమొహం వేశాడు. దొర మీసం కొస అదురుతోంది. ఇక ఈపు పోయినట్టే అనుకుంటూ, ఏడుపు గొంతుతో మూడోసారి అన్నాను, “పదమూడు ఒకట్ల...?”

“పదమూడూ!”

దర్వాజా దగ్గర నుంచి. ఒక్క గొంతు. లచ్చవ్వది.

ఆ గొంతు వినేసరికి నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. “పదమూడు రెళ్ళ?” అన్నాను.

“ఇరవై ఆరూ!” ఈసారి నలభై మంది.

ఇక నన్ను ఆపేదెవరు? సాబ్‌ను మరిచాను, దొరను మరిచాను. కోటు చేతులు ఊపుకుంటూ దర్వాజా దగ్గరికి నడిచాను. “మూళ్ళ?” “ముప్పై తొమ్మిదీ!” “నాలుగుల?” “యాభై రెండూ!”

“బంద్ చెయ్యుండ్రి!” అని దొర కుర్చీలోంచి లేచాడు.

అందరం టక్కున ఆపాం. కానీ మా బడి చట్టం మీకు తెలుసు. నడుమ ఆపితే ఏం చెయ్యాలి?

“పదమూడు ఒకట్ల?” అన్నాను నేను.

“పదమూడూ!”

“ఏయ్! నోరు మూయుండ్రి అంటున్న!”

ఆపాం. క్షణం ఆగి, మళ్ళీ మొదటి నుంచి. దొర ఆపినకొద్దీ మేం మొదటికి వస్తున్నాం. వాకిలి ఊడ్చే ముసలాయన కూడా చీపురు ఊపుతూ కలిశాడు. నాలుగోసారి మొదలుపెట్టేసరికి వెనక నుంచి కొత్త గొంతు వినిపించింది. తిరిగి చూస్తే చిన్నదొర! కుర్చీ దిగి, కళ్ళు మెరుస్తూ, మాతో పాటు అరుస్తున్నాడు. వానకాలమంతా నిద్రపోయినవాడు ఆనాడు లేచాడు. దొర కూలబడ్డాడు. “పదమూడు పదుల?” “నూట ముప్పై!” దాకా పోయి గానీ మేం ఆగలేదు.

సాబ్ నన్ను దగ్గరికి పిలిచాడు.

“నీ ఒక్కన్నే అడుగుత బేటా. పదమూడు ఏడ్ల ఎంత?”

“నాకు తెల్వదు సాబ్.”

“నువ్వే గద ఇందాక చెప్పినవ్?”

“నేను చెప్పలే సాబ్. నేను అడిగెటోన్ని. చెప్పెటోళ్ళు వాళ్ళు.”

సాబ్ నవ్వితే టోపీ కిందపడింది. టోపీ తీసి దులుపుకుంటూ, “మరి ఇన్ని దినాలు గడిల ఏం నేర్చుకున్నవ్?” అని అడిగాడు.

ఇక్కడైనా నోరు మూసుకుంటే బాగుండేది. మూసుకోలేదు. పెద్దమనిషి అంత ప్రేమగా అడిగితే నిజం చెప్పాలి కదా!

“చిన్నదొర కన్న ముందు నోరు తెరవద్దని నేర్చుకున్న సాబ్. చిన్నదొర ఏం చెప్తె మేం గూడ గదే చెప్పాలె. పొద్దు పడమట పొడుస్తదని గూడ చెప్పినం.”

సాబ్ నవ్వు ఆగిపోయింది. దర్వాజా వైపు, ఆ దుమ్ము మొహాల వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు, “దొరసాబ్, మీరు ఏరుకున్న పిల్లగానికి సవాల్ వచ్చు, జవాబ్ రాదు. జవాబులన్ని ఆ దర్వాజ కాడ నిలబడ్డయి. ఆ కొట్టం జోలికి పోవద్దు. బడి అట్లనే ఉంటది. సర్కారు దిక్కు నుంచి ఒక నల్లబల్ల గూడ పంపిస్త.”

నల్లబల్ల ఈనాటిదాకా రాలేదు, అది వేరే సంగతి. బడి మాత్రం ఉండిపోయింది.

సాబ్ బండి ఊరు దాటిందో లేదో, దొర నన్ను పిలిచి “కోటు ఇప్పురా” అన్నాడు. విప్పాను. విప్పిన గుండీలు ఆరు, కొట్టిన దెబ్బలు మాత్రం ఆయన లెక్కపెట్టలేదు. గడి పంతులు ఆ సాయంత్రమే మూట కట్టుకున్నాడు. ఇంటికి పోతే మా అవ్వ గడపలోనే పట్టుకుంది.

“అడిగెటోనివారా నువ్వు? పుట్టినప్పటి సంది అడుగుడే గదరా! బువ్వ అడుగుడు, బెల్లం అడుగుడు! గదేదో తెలివనుకోని ఊరంత చెప్పుకున్న గదరా!” అని నెత్తి కొట్టుకుంది. ఆ పక్కనే మా నాయిన గొంగడిలో మొహం దాచుకుని కుదుపులు కుదుపులుగా నవ్వుతున్నాడు. కాసేపటికి అవ్వే నా ఈపుకు పసుపు రాసింది, తిట్టడం ఆపకుండానే.

ఆనాటి నుంచీ నన్ను చూసి జాలిపడేవాళ్ళున్నారు. గడి చదువు నిలుపుకుంటే తహసీల్దారు అయ్యేవాడు, వెధవ నోటితో చెడగొట్టుకున్నాడు, అని. చెడగొట్టుకున్నాను. ఇంకోసారి అవకాశమిస్తే ఇంకా గట్టిగా అరిచి చెడగొడతాను. కొట్టంలో చదివిన నలభై మందిలో ఎక్కం రానివాడు లేడు. ఏరిన నలుగురిలో వచ్చినవాడు లేడు. దొరలకే కాదు, ఇప్పటి పెద్దపెద్దోళ్ళకూ ఇదే చెప్తాను, వినేవాళ్ళు వినండి, విననివాళ్ళు పొండి.

మర్నాడు కొట్టానికి పోయి ముందుగా లచ్చవ్వ దగ్గరికి నడిచాను.

“లచ్చవ్వా, నన్ను కాపాడినవే.”

“నీ మొహం! నిన్ను కాపాడనీకి ఎవరు చెప్పిండ్రు? మాకు ఎక్కం వస్తదని ఆ సాబుకు తెల్వాలె గద! నువ్వు గాక కుక్క అడిగినా చెప్తుంటి.”

అడిగే చోటు తిరిగి నాకే ఇస్తారనుకున్నాను. ఆ చోట లచ్చవ్వ నిలబడి ఉంది, కదలలేదు. సత్తెయ్య పంతులు నన్ను అందరికంటే చిన్న పిల్లల వరసలో, ముక్కు కారే ఇద్దరి నడుమ కూర్చోబెట్టాడు. జవాబులన్నీ వచ్చేదాకా అక్కడే ఉండాలన్నాడు. కూర్చునేముందు అందరి ముందు ఒట్టు పెట్టమన్నాడు.

పలక నెత్తిన పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వాచిన ఈపు నిటారుగా నిలిపి, నేను ప్రమాణం చేశాను. “భూదేవి సాక్షిగ, మా మంద సాక్షిగ చెప్తున్న. ఇగ ఎవ్వలన్న వచ్చి నువ్వు తెలివిగల్లోనివి, రమ్మంటె ఒక్కన్నే పోను. పోతె మీ అందర్ని ఎంబడి తీస్కోనే పోత!”

కొట్టమంతా చప్పట్లు కొడుతుందని కళ్ళు తెరిచాను. ఎవరూ కొట్టలేదు. లచ్చవ్వ బెత్తం ఊపుతూ నా వంక చూసింది.

“మేమెందుకొస్తంరా? ఆడ నోరు మూస్కోని కూసోవాలె గద! నువ్వే కూసో ఈడ. పదమూడు ఒకట్ల?”